హాఫ్-ఫే క్యారెక్టర్‌కి ఆయుష్షు ఎంత పెట్టాలి? సంవత్సరాల సగటు ఎందుకు పనికిరాదంటే

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి టేబుల్‌టాప్ గేముల్లో, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేసుకుని ఆడే ఆటల్లో, క్యారెక్టర్ షీట్ నింపేటప్పుడు బలం, తెలివి, ఆయుధాలు ఇవన్నీ డైస్ వేసో పుస్తకం చూసో జాగ్రత్తగా రాసుకుంటారు గానీ వయసు అనే గడి దగ్గరికొచ్చేసరికి చాలామంది నోటికొచ్చిన నంబర్ ఒకటి పడేసి ముందుకెళ్లిపోతారు. మనిషి క్యారెక్టర్ అయితే ఏం ఇబ్బంది లేదు, ఇరవై రెండో పాతికో రాస్తే అయిపోతుంది. తల్లో తండ్రో ఫే అయినప్పుడే, అంటే క్యారెక్టర్ హాఫ్-ఫే అయితేనే, చిక్కు. ఫే అంటే పాశ్చాత్య జానపద కథల్లో ఉండే చెట్టు దేవతలు, మేక కాళ్ల సాటిర్లు, రెక్కల ఫెయిరీలు, ఆ బాపతు అంతా. మన వైపు యక్షులు, గంధర్వులు, అప్సరసలు ఇంచుమించు అదే కోవలోకి వస్తారు, అచ్చంగా సరిపోరు గానీ ఆట ఆడుకోడానికి చాలు. వీళ్లలో చాలామందికి ముసలితనమే రాదు. మరి అలాంటి వాళ్లకీ, అరవై దాటితే మోకాళ్లు పట్టేసే మనిషికీ పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతకాలి?

వైజాగ్‌నే మ్యాప్‌గా పెట్టుకుని ఆడే క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే ఆట కథ, ఒకటి అనుకోండి. కంబాలకొండ అడవిలో ఒక గంధర్వ స్త్రీ, 1933లో పోర్టు తెరిచినప్పుడు అక్కడ పనికి కుదిరిన ఒక కళాసీ, 1935లో వాళ్లకో కొడుకు. ఆ కొడుకే ఇప్పుడు ప్లేయర్ క్యారెక్టర్. ఆదివారం మధ్యాహ్నం సిరిపురంలో ఏదో ఫ్లాట్‌లో నలుగురు కూర్చుంటే మాటలు ఇలా నడుస్తాయి.

"ఒరేయ్, మీ అమ్మ గంధర్వ, మీ నాన్న పోర్టు కళాసీ. నువ్వెన్నేళ్లు బతుకుతావురా?"

"నాకేటి తెలుసు మావా, డీఎం నువ్వు కదా, నువ్వే చెప్పాల."

డీఎం, అంటే ఆట నడిపించే డంజన్ మాస్టర్, పుస్తకం తిరగేస్తాడు, సూటిగా జవాబు దొరకదు. హాఫ్-ఫే అనే టెంప్లేట్ 2003లోనే ఫీండ్ ఫోలియో అనే పుస్తకంలో వచ్చింది, మామూలు జీవి మీద ఆ టెంప్లేట్ తగిలిస్తే దానికి ఫే శక్తులు వస్తాయి, కానీ అదే ఏడాది వచ్చిన 3.5 ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో వయసుల టేబుల్ చూస్తే ఏడు జాతులే ఉంటాయి: మనుషులు, డ్వార్ఫ్‌లు, ఎల్ఫ్‌లు, నోమ్‌లు, హాఫ్-ఎల్ఫ్‌లు, హాఫ్-ఆర్క్‌లు, హాఫ్లింగ్‌లు. హాఫ్-ఫే వరస అందులో లేదు. అప్పుడు ఎవరికైనా మొదట తట్టేది ఏంటంటే, అమ్మ వయసు నాన్న వయసు కూడి రెండుతో భాగించేద్దాం అని. అమ్మకి చావే లేకపోతే? అనంతానికి తొంభై కలిపి రెండుతో భాగిస్తే వచ్చేది మళ్లీ అనంతమే, అంటే వాళ్లమ్మ ఎంతో వాడూ అంతే, ఇంక హాఫ్ అనే మాటకి అర్థమే లేదు. సరే చావు లేదు అనకుండా వెయ్యేళ్లు అని పెడదాం అంటారు కొందరు, అప్పుడు కొడుక్కి 545 వస్తుంది, కానీ ఆ వెయ్యి ఎక్కడ నుంచి వచ్చింది అంటే డీఎం దగ్గర సమాధానం ఉండదు, రెండు వేలు అని ఉంటే కొడుకు వెయ్యి దాటిపోయేవాడు. ఒక ఊహ మీద మొత్తం లెక్క ఊగిపోతుంటే అది లెక్క కింద రాదు.

పుస్తకాలు వేరే మిశ్రమ జాతుల విషయంలో ఏం చేశాయో చూస్తే అసలు దారి కనపడుతుంది. 2014 ఐదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం ఎల్ఫ్ 750 ఏళ్ల దాకా బతకొచ్చు, మనిషి వందలోపే, వీళ్లిద్దరికీ పుట్టిన హాఫ్-ఎల్ఫ్ 180 దాటడం మామూలే అంటుంది. మామూలు సగటు అయితే నాలుగొందల పైన రావాలి. పుస్తకం అందులో సగం కూడా ఇవ్వలేదు. ఇది చూసి హాఫ్-ఎల్ఫ్‌లకి అన్యాయం జరిగిందని వాదించేవాళ్లు ఉన్నారు, రచయితలు ఏదో గుండ్రటి నంబర్ వేసేశారులే అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు.

అయితే 3.5 టేబుల్ పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటే వేరే విషయం బయటపడుతుంది. అందులో మనిషికి పండు ముసలితనం 70 దగ్గర మొదలై, ఆ పైన 2డీ20 ఏళ్లు, అంటే రెండు ఇరవై ముఖాల డైస్ వేసి వచ్చినన్ని. సగటున అది 21, మొత్తం 91. ఎల్ఫ్‌కి 350 పైన 4డీ100, సగటున 202, మొత్తం 552. హాఫ్-ఎల్ఫ్‌కి 125 పైన 3డీ20, సగటున 31 న్నర, మొత్తం 156 న్నర. ఇప్పుడు 91కీ 552కీ ఇంటర్ లెక్కల పుస్తకంలో చదివిన మూడు మధ్యమాలూ కట్టండి. అంకమధ్యమం 321 పైన వస్తుంది, గుణమధ్యమం 224, హరాత్మక మధ్యమం 156.2. పుస్తకంలో ఉన్నది 156.5. సుమారు మూడు నెలలు తేడా, అంతే!

ఇది కావాలని చేశారని చెప్పడానికి ఆధారం లేదు, మిగతా గళ్లు చూస్తే అంత అచ్చుగుద్దినట్టూ ఉండవు. మధ్యవయసు మనిషికి 35, ఎల్ఫ్‌కి 175, హరాత్మక మధ్యమం 58 వస్తే పుస్తకం 62 ఇచ్చింది. ముసలితనం 53కీ 263కీ 88 వస్తే పుస్తకంలో 93. పండు ముసలితనానికి 117 వస్తే 125. అన్నీ కాస్త పైనే ఉన్నాయి గానీ అంకమధ్యమం దరిదాపుల్లో ఒక్కటీ లేదు, 62 ఎక్కడ 105 ఎక్కడ. రచయితలు లెక్క కట్టకపోయినా వాళ్ల మనసుకి సరైనది ఏంటో తట్టిందన్నమాట.

హరాత్మక మధ్యమమే ఎందుకు కుదురుతోంది అంటే, బిడ్డకి తల్లిదండ్రుల నుంచి వచ్చేది సంవత్సరాలు కాదు, ముసలితనం వచ్చే వేగం. నెల జీతం ఒకటే వచ్చే రెండిళ్లు ఉన్నాయనుకోండి, ఒక ఇంట్లో పదిహేనో తారీకుకే అయిపోతుంది, ఇంకో ఇంట్లో ముప్పయ్యో తారీకు దాటినా మిగిలే ఉంటుంది, ఆ ఇంటి పిల్లకీ ఈ ఇంటి పిల్లాడికీ పెళ్లయి కాపురం పెడితే కొత్త సంసారం రోజుకి ఎంత ఖర్చు పెడుతుంది అన్నదాన్ని బట్టే జీతం ఎన్నాళ్లు వస్తుందో తేలుతుంది. వేగంగా ఖర్చు పెట్టే చెయ్యి ఒక్కటి ఉన్నా చాలు, ఎంత పొదుపు చేసినా నెలాఖరు దాకా సాగదు. ఒంటికి కూడా అదే లెక్క. మనిషి ఒళ్లు ఏడాదికి ఒక ఏడాది అరుగుతుంది. 3.5 లెక్కలో ఎల్ఫ్ ఒళ్లు ఏడాదికి 0.165 మాత్రమే అరుగుతుంది, 91ని 552తో భాగిస్తే వచ్చేది అదే. రెండు వేగాల సగటు 0.58. ఆ వేగంతో 91 ఏళ్ల సరుకు అరగడానికి 156 ఏళ్లు పడుతుంది.

రూల్స్‌లోనే ఈ పద్ధతి ఇంకో మూల దాక్కుని ఉంది. 2014 పుస్తకంలో డ్రూయిడ్, అంటే ప్రకృతి మంత్రగాడు, 18వ లెవెల్‌కి వచ్చాక టైమ్‌లెస్ బాడీ అని ఒకటి వస్తుంది, పదేళ్లు గడిస్తే ఒళ్లు ఒక్క ఏడాదే ముదురుతుంది. నీకు ఇన్ని ఏళ్లు కలుపుతున్నాం అనలేదు చూడండి, వేగాన్ని పదో వంతు చేస్తున్నాం అన్నారు. గర్ప్స్ అనే ఇంకో గేమ్ సిస్టంలో కూడా ఇదే వరస, అక్కడ ఎక్స్‌టెండెడ్ లైఫ్‌స్పాన్ అనే అడ్వాంటేజ్ లెవెల్‌కి రెండు పాయింట్లు, ఒక్కో లెవెల్‌కి వయసు మెట్లన్నీ రెట్టింపవుతాయి, అసలు ముసలితనమే రాని అన్ఏజింగ్ కావాలంటే 15 పాయింట్లు. ఆర్స్ మాజికా అనే గేమ్ అయితే ఇంకో రకం, అక్కడ 35 దాటాక ఏటా చలికాలంలో ముసలితనం డై వెయ్యాలి, ఒంట్లో ఫెయిరీ రక్తం ఉంటే ఆ డై మీద కాస్త రాయితీ, రక్తం చిక్కగా ఉంటే అసలు ఆ డై వెయ్యడం 50 దాకా మొదలే అవ్వదు. ఆయుష్షు ఇంత అని ముందే రాసిపెట్టకుండా ఏటా అదృష్టం మీద వదిలెయ్యడం టేబుల్ దగ్గర భలే టెన్షన్ పుట్టిస్తుంది గానీ ఏళ్ల తరబడి ఒకే క్యారెక్టర్‌తో ఆడే గ్రూపులకే అది నప్పుతుంది, మూడు నెలల క్యాంపెయిన్‌కి దండగ.

ఇప్పుడు చావు లేని తల్లి సంగతికి వద్దాం. వేగం లెక్కలో అనంతం అనే దెయ్యం ఉండదు, ఎందుకంటే ముసలితనం రాని ఒంటి వేగం సున్నా, అంతే. మనిషిది ఒకటి, గంధర్వది సున్నా, సగటు సగం. ఒళ్లు సగం వేగంతో అరిగితే ఆయుష్షు రెట్టింపు, 91 కాస్తా 182 అవుతుంది. తల్లి వెయ్యేళ్లదా, లక్షేళ్లదా, ఎప్పటికీ ఉండేదా అన్నది ఇంక లెక్కలోకి రాదు, వెయ్యేళ్లది అని పెట్టినా కొడుక్కి 167 వస్తుంది, లక్షేళ్లది అంటే 181.8. ఒక పాత్రకి చావు లేదు అని చెప్పి కూడా ఆమె కొడుకు ఎప్పుడో ఒకప్పుడు పోతాడు అని నమ్మకంగా చెప్పగలిగే లెక్క ఇది. గర్ప్స్‌లో రెట్టింపు ఒకే లెవెల్, రెండంటే రెండు పాయింట్లు, అక్కడా ఇక్కడా ఒకటే తేలడం బావుంది.

చిన్నతనం మాత్రం ఈ లెక్కలో పెట్టకూడదు. పెడితే ఆరేళ్ల పిల్లాడు మూడేళ్ల వాడిలా ఉంటాడు, పదో తరగతికి వచ్చేసరికి తోటి వాళ్లకి మీసాలొస్తుంటే వీడికి పాలపళ్లు ఊడుతుంటాయి. గర్ప్స్‌లో ఎక్స్‌టెండెడ్ లైఫ్‌స్పాన్ తీసుకుంటే పెద్దవాడయ్యే వయసు కూడా 18 నుంచి 36కి జరుగుతుంది, ఆ ముప్పై ఆరేళ్లూ పెంచాల్సిన తండ్రి మనిషి కాబట్టి పిల్లాడు ప్రయోజకుడయ్యేసరికి ఆయన మంచం పడతాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ విషయంలో తెలివిగా పోయింది. 2014 పుస్తకం ఎల్ఫ్‌లు కూడా ఒళ్లు ఎదగడంలో మనుషులతో సమానమే అంటుంది, వందేళ్లకి గానీ పెద్దవాళ్లయినట్టు కాదు అన్నది వాళ్ల ఆచారమే తప్ప శరీరానికి సంబంధం లేదు. 3.5లో మనిషి 15కి పెద్దవాడు, హాఫ్-ఎల్ఫ్ 20కి. హాఫ్-ఫే విషయంలో ఆ 20నే తీసుకుని, అప్పటికి ఒంటి వయసు మనిషి లెక్కన 15 అని పెట్టుకుని, అక్కడ నుంచే సగం వేగం మొదలైందనుకుంటే ఒక వరస తయారవుతుంది: మధ్యవయసు 60, ముసలితనం 96, పండు ముసలితనం 130, ఆ పైన 4డీ20, సగటున 172. పుస్తకంలో హాఫ్-ఎల్ఫ్ వరస 62, 93, 125. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి, అందుకే లెక్కలంటే చిరాకు పడే డీఎం ఇదంతా వదిలేసి హాఫ్-ఎల్ఫ్ వరసనే హాఫ్-ఫేకి వాడేసుకున్నా పెద్ద తప్పేం లేదు. కొత్త 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో హాఫ్-ఎల్ఫ్ జాతే లేదు కాబట్టి పాత పుస్తకం పడేయకుండా ఉంచుకోవడం మంచిది. ఒక పక్క మాట, ఆ టేబుల్‌లో మనిషి గరిష్ఠ ఆయుష్షు 110, ఫ్రాన్స్‌లో 1997లో చనిపోయిన జాన్ కాల్మాఁ 122 ఏళ్లు బతికింది, అంటే టేబుల్ మనుషుల దగ్గరే కాస్త పిసినారితనం చూపించింది.

కంబాలకొండ కొడుకు మీద ఈ లెక్క ఆడించి చూస్తే సరదాగా ఉంటుంది. 1935లో పుట్టాడు, సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు అనుకుంటే అప్పటి రూల్ ప్రకారం 58కి, అంటే 1993లో రిటైరవ్వాలి. అప్పటికి వాడి ఒంటి వయసు 34. సన్మానసభలో శాలువా కప్పేవాళ్లు కొడుకేమో అనుకుని పక్కకి జరగమంటారు. 2025కి కాగితం మీద 90, ఒంటికి 50. ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లాలి, కౌంటర్‌లో వాళ్లు పెన్షన్ కాగితం చూసి, మనిషిని చూసి, మళ్లీ కాగితం చూస్తారు. పైగా కేంద్ర పెన్షనర్లకి 80 నిండితే 20 శాతం అదనం, 90కి 40 శాతం, వందకి 100 శాతం, అంటే 2035లో ఒంటికి 55 ఉండగానే బేసిక్ పెన్షన్ రెట్టింపు. సగటు ఆయుష్షు 172 వేసుకుంటే 114 ఏళ్లు పెన్షన్ తింటాడు. పెన్షనర్లు ఇంతమంది ఉన్న ఊళ్లో ఇలాంటి వాడు ఎన్నాళ్లు దాక్కోగలడు, ఎప్పుడు ఊరు మారతాడు, ఎవరి పేరు మీద బతుకుతాడు, ఎవరికి లంచం ఇస్తాడు, కనీసం నాలుగు సెషన్ల కథ ఇందులోనే ఉంది. 172 అనే నంబర్ ఒక్కటే రాసుకుంటే ఇవేవీ రావు, ఏ ఏడాదిలో ఒంటికి ఎంత అన్నది తెలిస్తేనే వస్తాయి.

ఫే అందరూ ఒకటే కూడా కాదు. 2020లో వచ్చిన థెరోస్ పుస్తకంలో సాటిర్లు మనుషుల్లాగే పెరిగి మనుషుల్లాగే ముసలివాళ్లవుతారు, కాబట్టి తండ్రి సాటిర్ అయితే బిడ్డకి అదనంగా వచ్చేది ఏమీ లేదు, కొమ్ములు వస్తే వస్తాయేమో. 2022లో వచ్చిన మాన్‌స్టర్స్ ఆఫ్ ద మల్టీవర్స్ అయితే ప్లేయర్ క్యారెక్టర్లలో ఎక్కువమందికి సుమారు వందేళ్లు, కొన్ని జాతుల వాళ్లు శతాబ్దాలు బతకొచ్చు అని ఒక్క ముక్కలో తేల్చేసింది. రాసేవాళ్లకి సుఖం, ఆడేవాళ్లకి చప్పగా ఉంటుంది.

చెట్టు దేవత, అంటే డ్రయాడ్, తల్లి అయితే మాత్రం కథ వేరు. 3.5 మాన్‌స్టర్ మాన్యువల్‌లో డ్రయాడ్ ప్రాణం ఒక్క పెద్ద ఓక్ చెట్టుతో ముడిపడి ఉంటుంది, ఆ చెట్టు నుంచి 300 గజాలు దాటి పోతే జబ్బుపడి 4డీ6 గంటల్లో చచ్చిపోతుంది. అక్కడ ఆయుష్షు అంటే చెట్టు ఆయుష్షే. దీన్ని వైజాగ్‌లో పెట్టి చూడండి. ఓక్ బదులు మర్రో రావో, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పాత చెట్టు, దాని దేవతకి ఊళ్లో ఒక కూతురు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రాత్రి తెల్లారేసరికి ఊళ్లో ఎన్ని చెట్లు వేళ్లతో సహా పడున్నాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, రోడ్ల మీద కొమ్మలు కొట్టుకుంటూ పాల ప్యాకెట్ల కోసం వెళ్లిన ఊరు ఇది. తల్లి అక్కడికక్కడే పోయుంటుంది. సగం మనిషి అయిన కూతురు? సగం రక్తం కాబట్టి సగం శిక్ష అని ఎవరైనా అంటారు, కానీ సగం చావడం అంటూ ఉండదు కదా. వేగం లెక్క ఇక్కడ కూడా పనికొస్తుంది: చెట్టు ఉన్నన్నాళ్లూ కూతురి ఒళ్లు సగం వేగంతో అరుగుతుంది, చెట్టు పడిన రోజు నుంచి మామూలు మనిషి వేగం. అప్పటికి ఆమెకి 60 ఏళ్లుంటే ఒంటికి 35, ఇంక మిగిలింది మనిషి లెక్కన 56 ఏళ్లు, అంటే మొత్తం 116. తుపానుకి ముందు ఆమె కుర్రదానిలా ఉండేది, ఇప్పుడు ఏటా ముదురుతోంది, చుట్టుపక్కల వాళ్లు "హుద్‌హుద్ తర్వాత పాపం ఒక్కసారిగా చిక్కిపోయింది" అనుకుంటారు. పడిన చెట్టు పిలక ఎక్కడైనా బతికుందేమో వెతకడం అనే క్వెస్ట్ దానంతట అదే పుట్టుకొస్తుంది.

తర్వాతి తరాల సంగతి చిటికెలో తేలిపోతుంది. ఒంట్లో మనిషి వాటా ఎంతో దానితో ఒకటిని భాగిస్తే రెట్లు వస్తాయి. మనిషి వాటా ముప్పాతిక అయితే ఒకటింబావు కంటే కొంచెం ఎక్కువ, 91కి 121. ఫే రక్తం ఎనిమిదో వంతు మిగిలితే 104, అదేమంత వింత కాదు, ఏ వీధిలోనైనా "వాళ్లింట్లో అందరూ తొంభై దాటి బతుకుతారండీ, అదో వంశం" అనిపించుకునే కుటుంబం ఒకటి ఉంటుంది. అటువైపు, మనిషి వాటా పావే ఉంటే నాలుగు రెట్లు, 364, అది దాదాపు ఎల్ఫ్ మొహల్లాలోకి వెళ్లిపోయినట్టే.

అసలు గందరగోళం పెట్టేది తల్లిగారి లోకం. ఫేవైల్డ్‌లో కాలం మన కాలంలా నడవదు, 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో దీనికి ఒక ఐచ్ఛిక టేబుల్ ఉంది, అక్కడ నుంచి తిరిగొచ్చాక డీ20 వేస్తే, మధ్యలో 7 నుంచి 13 వస్తే తేడా లేదు, ఒకటో రెండో పడితే అక్కడ గడిపిన రోజులు ఇక్కడ నిమిషాలు, 20 పడితే రోజులు కాస్తా సంవత్సరాలు. మన పిల్లలకి వేసవి సెలవులంటే అమ్మమ్మ ఇల్లు. హాఫ్-ఫే పిల్లాడు కూడా సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్లి పది రోజులు మామిడిపళ్లు తిని వస్తాడు, డై మీద 20 పడింది, ఇక్కడ పదేళ్లు గడిచిపోయాయి. స్నేహితులు ఉద్యోగాల్లో ఉన్నారు, వీడింకా ఐదో క్లాసు. మనకిది కొత్త కథేం కాదు, భాగవతంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని బ్రహ్మ సభకి తీసుకెళ్లి, అక్కడ పాట కచేరీ అయ్యేదాకా కాసేపు ఆగి అడిగితే, నువ్వనుకున్న వరులంతా ఎప్పుడో పోయారు, 27 చతుర్యుగాలు గడిచిపోయాయి అంటాడు బ్రహ్మ, చివరికి ఆమెని బలరాముడికిచ్చి చేస్తారు. కకుద్మి గానీ రేవతి గానీ ఒక్క రోజు కూడా ముసలివాళ్లు అవ్వలేదు, ఇద్దరిదీ మనుషుల రక్తమే. అంటే ఎక్కువ కాలం చూడటానికి ఎక్కువ ఆయుష్షు అక్కర్లేదన్నమాట. అందుకే క్యారెక్టర్ షీట్ మీద ఒక్క వయసు గడి చాలదు, పుట్టిన ఏడాది ఒకటి, నిజంగా గడిపిన ఏళ్లు ఒకటి, ఒంటి వయసు ఒకటి, మూడూ పెన్సిల్‌తో రాసుకుంటే సెషన్ మధ్యలో తగువులు రావు.

రక్తాన్ని బట్టి ఆయుష్షు అన్న ఈ మొత్తం ఆలోచనని మన పురాణాలు పెద్దగా పట్టించుకోవు, ఆ మాట దాచిపెట్టడం అన్యాయం. శకుంతల తల్లి మేనక, అయినా కణ్వాశ్రమంలో మామూలు పిల్లలాగే పెరిగింది. ఘటోత్కచుడు హిడింబికి పుడుతూనే యువకుడైపోయాడు, చిన్నతనం వేగం అక్కడ తలకిందులు. భీష్ముడు గంగ కొడుకే, కానీ ఆయన ఎప్పుడు పోవాలన్నది ఆయన ఇష్టం అయ్యింది గంగ రక్తం వల్ల కాదు, శంతనుడి వరం వల్ల, పైగా జుట్టు నెరిసి తాతగానే యుద్ధానికొచ్చాడు. అన్నిటికన్నా పదునైన ఉదాహరణ ఆదిపర్వంలో ప్రమద్వర. తండ్రి గంధర్వుడు, తల్లి అప్సరస, ఫే లెక్కలో నూటికి నూరుపాళ్లు, అయినా పెళ్లి ముందర పాము కరిచి చచ్చిపోయింది, ఆయువు తీరిపోయింది అన్నారు. రురుడు తన ఆయువులో సగం ఇచ్చి బతికించుకున్నాడు.

ఈ సగం ఇవ్వడం అనే ముక్క గేములోకి తెచ్చుకుంటే చాలా పనికొస్తుంది, వేగం లెక్కతో కలిపితే మరీ. హాఫ్-ఫే భార్య వయసు 40, మనిషి భర్త వయసూ 40, అతను చావుబతుకుల్లో ఉన్నాడు. ఆమెకి మిగిలింది 132 ఏళ్లు, సగం ఇచ్చేస్తే 66. క్యాలెండర్ లెక్కన 66 ఏళ్లు అతనికి బదిలీ అయితే ఇద్దరూ 106కి ఒకే రోజు పోతారు, రురుడి కథకి అదే దగ్గర. కానీ బదిలీ అయ్యేది ఒంటి సరుకు అయితే, ఆమె 66 ఏళ్లలో ఉన్న సరుకు 33 ఏళ్లకే సరిపోతుంది మనిషి వేగంలో, అతను 73కి పోతాడు, ఆమె ఇంకో 33 ఏళ్లు ఒంటరిగా ఉంటుంది. రెండూ ఒకే బేరం, మారకం రేటే వేరు. ఫే సంతలో ఆయుష్షు కొనే అమ్మే సీన్ పెడితే రెండో రేటే బావుంటుంది, ఎందుకంటే ఫే వ్యాపారి ఎప్పుడూ మాట తప్పడు, మాటలో ఏళ్లు అని చెప్పి ఎవరి ఏళ్లో చెప్పడు. ప్లేయర్ అడక్కపోతే అది ప్లేయర్ తప్పు.

ఆటలో ఈ నంబర్లు నిజంగా దెబ్బ కొట్టే చోట్లు తక్కువే. 3.5లో వయసు మెట్టు దాటితే బలం, చురుకు తగ్గి తెలివి పెరిగేది, అందుకని పండు ముసలి మంత్రగాళ్లని తయారు చేసి తెచ్చేవాళ్లు కొందరు, హాఫ్-ఫేతో ఆ ఎత్తు వెయ్యాలంటే 130 ఏళ్ల పూర్వకథ రాసుకు రావాలి, అంత ఓపిక ఉన్నవాడికి ఆ మూడు పాయింట్లు ఇచ్చేయొచ్చు. ఐదో ఎడిషన్‌లో అదీ లేదు. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ముఖ్యంగా ఘోస్ట్ అంటేనే భయం, దాని మొహం చూసి సేవింగ్ త్రోలో, అంటే తప్పించుకోడానికి వేసే డైలో, ఐదో అంతకన్నా ఎక్కువో తేడాతో ఓడిపోతే 1డీ4 పదుల ఏళ్లు ఒక్క క్షణంలో మీద పడతాయి, 24 గంటల్లో గ్రేటర్ రెస్టొరేషన్ అనే మంత్రం పడకపోతే అంతే సంగతులు. నలభై ఏళ్లు పడితే పాతికేళ్ల మనిషి అరవై ఐదు అవుతాడు, పాతికేళ్ల హాఫ్-ఫే ఒంటికి మాత్రం ఇరవయ్యే పెరుగుతుంది. ఘోస్ట్ కొట్టేది క్యాలెండర్‌నా ఒంటినా అని టేబుల్ దగ్గర వాదన వస్తే క్యాలెండర్ వైపే మొగ్గాలి, ఎల్ఫ్‌లకి ఆ నలభై ఏళ్లు చీమ కుట్టినట్టు ఉండటమే రూల్ రాసిన తీరుకి సరిపోతుంది.

ఇంక ముసలితనంతో పోవడం అనేది అసలు జరుగుతుందా అన్నది వేరే లెక్క. ముసలితనమే రాని జీవికి కూడా ప్రమాదాల వల్ల ఏటా వెయ్యిలో ఒక వంతు చావు అవకాశం ఉందనుకుంటే, అలాంటి వాళ్లలో సగం మంది 693 ఏళ్లలోపే పోతారు, ఎల్ఫ్‌ల 750కి అంత దగ్గరగా రావడం తమాషా. అదే కత్తి పట్టుకుని గుహల్లో దూరే అడ్వెంచరర్‌కి ఏటా యాభైలో ఒక వంతు అనుకుంటే, అది కూడా చాలా జాలిగా వేసిన లెక్క, సగం మంది 34 ఏళ్లకే సరి. కాబట్టి ఆ చివరి 4డీ20 క్యారెక్టర్ తయారు చేసే రోజు వెయ్యక్కర్లేదు. 3.5 పుస్తకం కూడా దాన్ని పండు ముసలితనం వచ్చాక డీఎం రహస్యంగా వేసి తన దగ్గరే ఉంచుకోవాలంటుంది, ప్లేయర్‌కి చెప్పకూడదు. కంబాలకొండ కొడుక్కి ఆ మెట్టు 2065లో వస్తుంది, అప్పటికి ఆ డైస్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు వేసుకుంటారు.